మూడు తొమ్మిదులు

నాకు చదువు రాదు. సంతకం పెట్టగలను, అంకెలు చదవగలను. ఆ అంకెలు కూడా బళ్ళో నేర్చుకున్నవి కావు, మా ఆయన దగ్గర నేర్చుకున్నవి. తార్నాకలో ఒక మేడ మెట్ల కింద ఆయనకు బైండింగు షాపు ఉండేది. షాపంటే పెద్ద షాపేం కాదు. ఒక బల్ల, కాగితాలు కోసే మిషను, మైదా జిగురు డబ్బా, అంతే. యూనివర్సిటీ పిల్లలు నాలుగైదేళ్ళు కూర్చుని రాసిన థీసిస్‌లు తెచ్చి ఇస్తే నల్ల రెక్సిన్ అట్ట వేసి, వెన్ను మీద బంగారు రంగులో సంవత్సరం కొట్టి ఇచ్చేవాడు. కుట్టే ముందు పేజీలు వరసగా ఉన్నాయో లేదో చూడటం నా పని. లోపల ఏం రాశారో నాకక్కర్లేదు. పేజీ కింద అంకె చూడాలి, దాని వెనక రావాల్సిన అంకె వచ్చిందో లేదో చూడాలి. నూట పదహారు తర్వాత నూట పద్దెనిమిది వచ్చిందంటే ఒక కాగితం పోయినట్టు. ఒకే అంకె రెండుసార్లు వచ్చిందంటే జిరాక్సువాడు ఒకటి ఎక్కువ తీసినట్టు. అట్లా నా కళ్ళకు వరస అలవాటైంది. వరసలో తేడా ఉంటే నేను వెతకక్కర్లేదు, అదే కంట్లో పడుతుంది.

ఆయన పోయి రెండేళ్ళయింది. ఇదంతా నేను నోటితో చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నా మాటలు మార్చొద్దని చెప్పాను. కొన్ని చోట్ల అది కలం ఆపుతోంది. ఆపితే ఆపనీ, నేను ఆగను.

నేను క్యాంపస్‌లో సర్వేలు చేసే ఒక సెంటర్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తాను. గదులు ఊడుస్తాను, చాయ్ పెడతాను, జిరాక్సులు తెస్తాను. సర్వే ఫారాలు సంచుల్లో వస్తే వాటిని నంబర్ల వరసలో పేర్చి కట్టలు కడతాను. ఆ పని మీద నాకు పట్టుందని అక్కడ అందరికీ తెలుసు. నేను కట్టిన కట్టలో ఒక్క ఫారం అటూ ఇటూ ఉండదు.

ఆ రోజు సెంటర్‌లో సెమినారు. బయటి ఊళ్ళ నుంచి పెద్దవాళ్ళు వచ్చారు. భోజనాలు నా మీద నడవాలి. ప్లేట్లు తుడిచి పేరుస్తుంటే ఫోన్ మోగింది. పదీ పది. మా ఆయన. గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టు ఉందన్నాడు. ఆయనకు గ్యాసు పట్టడం కొత్తేమీ కాదు. వాము నీళ్ళు తాగి పడుకో, భోజనాలు కాగానే వస్తానన్నాను. పెట్టేశాను. మా అమ్మాయి ఆ రోజు అంబర్‌పేట్‌లో పరీక్ష రాస్తోంది. మా అత్త గోల్నాకలో మా మరిది ఇంట్లో ఉంది. లాలాపేట్‌లో మా ఇంట్లో ఆయనొక్కడే.

తినేవాళ్ళు తొందరగానే తిన్నారు. మాట్లాడేవాళ్ళే ఆలస్యం చేశారు. పొద్దుటి మాటలు ఎంతకీ తెగలేదు. నేను వంటగది గుమ్మంలో నిలబడి తలుపు ఎప్పుడు తెరుస్తారా అని చూశాను. అప్పుడు కూడా నా ఆలోచన అన్నం చల్లారిపోతుందనే. ఇది దాచుకుని ఏం లాభం.

నేను ఇల్లు చేరేసరికి ఒంటిగంటన్నర. ఆయన పడుకుని లేడు. మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కాళ్ళకు చెప్పులున్నాయి. జేబులో ఆధార్ కార్డు పెట్టుకున్నాడు. ఎప్పుడు తయారై కూర్చున్నాడో ఏమో, చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. "వచ్చినవా" అన్నాడు. ఆటోలో నా భుజం మీద వాలాడు. ఆస్పత్రి గేటు దాటగానే ఎదురుగా గోడ గడియారం కనపడింది. రెండూ అయిదు. పొద్దు కుంకే లోపలే ఆయన లేడు.

గేటు దాటి లోపలికి పోగానే చిన్న వయసు డాక్టరు, "నొప్పి ఎప్పుడు మొదలైందమ్మా?" అని అడిగాడు.

"ఇప్పుడే సార్, గంట కూడా కాలేదు" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు అని చెప్పబోయాను. తెలుసు. ఎదురుగా గడియారం ఉంది. దాన్ని చూస్తూ లెక్క పెట్టుకునే ధైర్యం లేక అన్నాను. డాక్టరు కాగితం మీద అదే రాసుకున్నాడు. ఆ అబద్ధం వల్ల ఇవ్వాల్సిన మందు ఏదైనా ఇవ్వకుండా పోయారా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే నిజం చెప్పాల్సి వస్తుంది.

అబద్ధం ఒక్కచోట ఆగదు. మా చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. మా వైపు ఆచారం, పోయినవాళ్ళ గురించి ఇంట్లోవాళ్ళు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. నేను లేవలేదు. మా అత్త లేచింది. "నా కొడుక్కి నొప్పని తెలిసిన నిమిషానే నా కోడలు ఆటో ఎక్కించింది. తనవల్ల ఏ లోపం లేదు. ప్రభువు పిలుచుకున్నాడు" అంది. కన్న కొడుకు పెట్టె దింపి నెల కాలేదు, ఆ ముసలామె నా కోసం నిలబడింది. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఆయన కీప్యాడ్ ఫోన్ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచాను. వారానికోసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి చార్జింగు పెట్టేదాన్ని. అందులో ఆఖరు కాల్స్ తెరిచి పదీ పది అన్న అంకె ఉందో లేదో చూసి మళ్ళీ డబ్బాలో పెట్టేసేదాన్ని. ఆ అంకె చెరిగిపోవాలని ఉండేదో, ఉండాలని ఉండేదో నేను చెప్పలేను.

ఇదిలా ఉండగా మా సెంటర్‌కు ఒక కొత్త సర్వే వచ్చింది. ఉన్నట్టుండి గుండెనొప్పో పక్షవాతమో వచ్చినవాళ్ళు ఆస్పత్రి చేరడానికి ఎంతసేపు పడుతోంది అని. తార్నాక, లాలాపేట్, అంబర్‌పేట్ బస్తీల్లో ఇల్లిల్లూ తిరగాలి. ఫారాలు నింపడానికి బయటి నుంచి పిల్లలను పెట్టుకుంటారు, వాళ్ళకు నేనెవరో తెలియదు. ఒక ఆదివారం సాయంత్రం వాళ్ళలో ఒక పిల్ల మా గుమ్మంలోనే వచ్చి కూర్చుంది. మా అత్త ఆ వేళ గోల్నాక నుంచి వచ్చి ఉంది. మా అమ్మాయి లోపల బట్టలు మడత పెడుతోంది.

"నొప్పి మొదలైన కాన్నుంచి ఆస్పత్రి గేటు చేరేదాక ఎంతసేపు పట్టిందమ్మా? నిమిషాలల్ల చెప్పాలె."

"ఎంతసేపు పడ్తది, వెంటనే తీసుకపోయింది" అంది మా అత్త.

"వెంటనే అని రాయరాదు అవ్వా. అంకె గావాలె."

లోపల మడతల చప్పుడు ఆగింది.

"తెల్వదమ్మా" అన్నాను.

"అందాజగ చెప్పు. అర్ధగంటనా, గంటనా?"

"అందాజు కూడా తెల్వదు. యాదికి లేదు."

"మస్తుమంది గిట్లనే అంటున్నరు" అని ఆ పిల్ల ఫారంలో ఉన్న మూడు గళ్ళలో మూడు తొమ్మిదులు వేసింది.

నేను అంకెలు చదవగలనని ఆ పిల్లకు తెలియదు. "తొమ్మిది వందల తొంభై తొమ్మిది నిమిషాలని రాస్తివేంది?" అన్నాను.

"నిమిషాలు కావమ్మా. తెల్వదన్నోళ్ళకు ఎయ్యాల్సిన నంబరది. వేరే ప్రశ్నలకు రెండు తొమ్మిదులు ఏస్తం. దీనికి తొంభై తొమ్మిది నిమిషాలు నిజంగనే పట్టొచ్చు గదా, అందుకే మూడు."

"అంటే దొంగ నంబరన్నమాట" అంది మా అత్త నవ్వుతూ. ఆ పిల్లా నవ్వింది. నేను కూడా నవ్వాను.

నెల తర్వాత ఫారాలన్నీ సెంటర్‌కు వచ్చాయి. సంచులు విప్పి వరసలో పెడుతుంటే నాది నా చేతికే వచ్చింది. మా గల్లీ పేరు, నా సంతకం, మూడు తొమ్మిదులు. ఒక్క ఫారం పోతే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. కాని నాకు తెలుస్తుంది. ముందు అంకెకూ వెనక అంకెకూ నడుమ ఖాళీ ఉంటే నా చేతులు ఊరుకోవు. దాని చోట దాన్ని పెట్టి కట్ట కట్టేశాను.

ఆ ఫారాల్లోవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాక టేబుళ్ళు వేసే పని ఒక రీసెర్చి అమ్మాయి చేతికి వచ్చింది. జనగామ వైపు పిల్ల. నన్ను అమ్మా అని పిలుస్తుంది, తన టిఫిన్ డబ్బాలో సగం నాకు తీసి పెడుతుంది. మా అమ్మాయి కన్నా నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. చాయ్ ఇచ్చి పోబోతూ ఒకరోజు, "ఏం చేస్తున్నవు బిడ్డా పొద్దటి సంది?" అని అడిగాను.

"నువ్వు చేసే పనే అమ్మా. నువ్వు ఫారాలు నంబర్ల వరసల పెడ్తవు, నేను నిమిషాల వరసల పెడ్త. తక్కువసేపు పట్టినోళ్ళు ముంగట, ఎక్కువసేపు పట్టినోళ్ళు ఎన్క. వందమంది నిలబడ్డరనుకో. యాభయ్యో మనిషి కాడ ఆగి, నీకు ఎంతసేపు పట్టిందని అడుగుత. తొంభయ్యో మనిషి కాడ ఆగి మల్ల అడుగుత. దీన్నే పర్సంటైల్ అంటరు."

"వందమందే ఉన్నరా?"

"చాన మందే ఉన్నరు. ఎంతమంది ఉన్నా వంద భాగాలు చేస్కుంటది సాఫ్ట్‌వేర్. ఒక్కోసారి ఇద్దరు మనుషుల నడుమ పడ్తది. అప్పుడు నడుమ అంకె అదే వేస్కుంటది."

"గాడ మనిషి ఉండడా మరి?"

"ఉండడు. లెక్క ఒక్కటే ఉంటది."

"అందరివి కలిపి సగటు తీస్తరు గదా ఎప్పుడు. ఇప్పుడెందుకు తియ్యరు?" అన్నాను. పదేళ్ళుగా ఆ గదుల్లో చాయ్ ఇస్తున్నదాన్ని, సగటు అన్న మాట నాకు పాతదే.

"ఒకడు మూడు దినాలు ఇంట్లనే పండుకున్నడనుకో. సగటుల వాని నిమిషాలు అందరి మీద పడ్తయి. గిట్లైతే వాడు ఎంత ఆలస్యం చేసినా లైన్ల ఒక్క మనిషే."

ఆ మాట నేను కప్పులు కడుగుతూ మళ్ళీ అనుకున్నాను. ఎంత ఆలస్యం చేసినా ఒక్క మనిషే. మరి నేను ఆ లైన్లో ఎక్కడ నిలబడి ఉంటాను. నా వెనక ఎవరైనా ఉంటారా, లేక ఆఖరున నేనే ఉంటానా. ఆ రోజు నుంచి నాకు అదే ధ్యాస. చదువుకున్నవాళ్ళకు ఇది పిచ్చిగా అనిపించొచ్చు. రెండేళ్ళుగా నా తప్పు ఎంత పెద్దదో కొలుచుకునేందుకు నా దగ్గర ఏమీ లేదు. ఎవరికీ చెప్పనిదాన్ని దేనితో పోల్చుకుంటాం. ఇక్కడ ఎవరో నా బోటివాళ్ళందర్నీ వరసలో నిలబెట్టారు.

మర్నాడు సారు ఆ టేబులు చూసి కుర్చీలోంచి లేచాడు. సెంటర్ పెద్ద ఆయనే. మంచివాడు, కాకపోతే ఏదైనా దొరికితే ఆగలేడు. "పదహారున్నర గంటలు. లైన్లో ఆఖరున ఉన్న పది శాతం మందికి ఆస్పత్రి చేరడానికి పదహారున్నర గంటలు. ఈ సిటీలో ఉండి. నేను అనుకుంటూనే ఉన్నాను" అన్నాడు. మరుసటి రోజే బయట ఏదో మీటింగులో చెప్పాలట, ఆ వాక్యం మొదటే పెట్టమన్నాడు.

పక్క బల్ల దగ్గరి పిల్లలు నవ్వుకున్నారు. "ఏందే, నీ టేబులుల తార్నాకోళ్ళు గుండెనొప్పి పెట్టుకొని మ్యాట్నీ చూసి, బిర్యానీ తిని పోయిర్రా ఆస్పత్రికి?" అన్నాడు ఒకడు.

"నోర్ముయ్ రా. మనుషులు సచ్చిపోయిన ముచ్చట" అంది మా రీసెర్చి పిల్ల.

నేను వాళ్ళ కప్పులు తీస్తున్నాను. బల్ల మీద ఆ కాగితం ఉంది. అక్షరాలు నాకు రావు కాని నిలువు గీతల మధ్య అంకెలు ఉన్నాయి. పైనుంచి కిందికి చిన్నవి, కొంచెం పెద్దవి, ఇంకొంచెం పెద్దవి. వరస బాగానే ఉంది. కింద మూడు వరసల్లోనూ మూడేసి తొమ్మిదులే. తొంభయ్యో మనిషీ, తొంభై అయిదో మనిషీ, ఆఖరు మనిషీ ఒకే నిమిషానికి గేటు చేరారన్నమాట. ఒకే పేజీ మూడుసార్లు వచ్చింది.

అవి మనుషుల నిమిషాలు కావని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. నా బోటివాళ్ళు తెలియదు అన్న మాట అది. దాన్నే పదహారున్నర గంటలని సారు రేపు నలుగురిలో చెప్పబోతున్నాడు.

చెబితే ఏమవుతుంది. నీకెట్లా తెలుసు అంటారు. నా ఫారంలో చూశానంటాను. నువ్వెందుకు తెలియదన్నావంటారు. కడిగిన కప్పులే మళ్ళీ కడిగాను. అందరూ మెస్సుకు పోయేదాకా ఆగి ఆ పిల్ల పక్కకు వెళ్ళాను.

"బిడ్డా, గీ మూడు తొమ్మిదులు నిమిషాలు కావు."

"ఏంది?"

"తెల్వదన్నోళ్ళకు వేసే నంబరు. నాకు వేసిన్రు. నేను కండ్లార చూసిన."

ఆ పిల్ల నా మొహం చూసింది, కాగితం చూసింది. సొరుగులోంచి ఒక ఖాళీ ఫారం తీసి ఆ ప్రశ్న పక్కన చిన్నగా ఉన్న రాత చదువుకుంది. రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "సచ్చిన" అంది. "అన్ని ప్రశ్నలకు రెండు తొమ్మిదులు వదిలెయ్యమని పెట్టిన. దీనికొక్కదానికే మూడున్నయని సూడలే. నిజంగ తొంభై తొమ్మిది నిమిషాలు పట్టినోళ్ళనేమో బయటికి పంపిన, తెల్వదన్నోళ్ళనేమో ఆఖరుకు నిలబెట్టిన. సారు రేపు గిదే పట్కొని పోతుండె."

వేళ్ళు గబగబా ఆడించింది. ఈ ప్రశ్నకు మూడు తొమ్మిదులు వదిలేయి, రెండు తొమ్మిదులు ఉంచు అని సాఫ్ట్‌వేర్‌కు చెబుతున్నానంది. టేబులు మళ్ళీ వచ్చింది. కింద అంకెలు బాగా తగ్గాయి. ఎంతకు తగ్గాయో నేను చెప్పను, అది వాళ్ళ రిపోర్టుది. తొమ్మిదులు మాత్రం పోయాయి.

"మరి నేనేడ ఉన్న ఇప్పుడు?" అన్నాను.

"ఏడ లేవమ్మా. తెల్వదన్నోళ్ళు లైన్ల ఉండరు. ఇంతమందికి తెల్వదని కింద చిన్నగ రాస్తం."

అప్పుడు నాకు ఏదో అయింది. మొదటి లెక్క తప్పే. కాని ఆ తప్పు లెక్కే నన్ను నిలబడాల్సిన చోట నిలబెట్టింది. సరిచేసిన లెక్క నన్ను ఇంటికి పొమ్మంది.

"వాళ్ళకు తెలుసు బిడ్డా" అన్నాను.

"ఎవరికి?"

"తెల్వదన్నోళ్ళకు. తొందరగ తీసుకపోయినోళ్ళు తెల్వదని ఎందుకంటరు? పది నిమిషాలల్ల తీసుకపోయిన అని గల్లంత చెప్పుకుంటరు. గా దినం ఎవ్వరూ మర్చిపోరు. నోట్లకెల్లి రాదు, గంతే."

ఆ పిల్ల తెర వంక తిరిగింది. "అది నిజమైతే నా టేబులు మల్ల తప్పే అయితది" అంది నెమ్మదిగా. తర్వాత, "నీకు తెలుసా అమ్మా?" అని అడిగింది.

రెండేళ్ళలో ఎవరూ నన్ను అట్లా అడగలేదు. ఎంతసేపు అని అడిగారు, అందాజు అడిగారు. తెలుసా అని అడగలేదు.

"పదీ పది నుంచి రెండూ అయిదు" అన్నాను.

అది వేళ్ళ మీద లెక్క వేయలేదు. నేనే చెప్పాను. "రెండు వందల ముప్పై అయిదు."

ఆ పిల్లే పోయి నా కట్ట విప్పి ఫారం తెచ్చింది. ఫారంలో మార్పు చెయ్యాలంటే చెప్పిన మనిషి సంతకం ఉండాలట, సారుకు కూడా చెప్పాలట. మూడు తొమ్మిదుల మీద ఎర్ర గీత కొట్టి పైన మూడు గళ్ళలో అంకెలు వేసింది. నేను పక్కన సంతకం పెట్టాను. అది కంప్యూటర్లో కొట్టింది. నేను తెర వంక చూస్తున్నాను. ఏమవుతుందనుకున్నానో నాకే తెలియదు. టేబులు వచ్చింది. మధ్య మనిషి అంకె అదే. తొంభయ్యో మనిషి అంకె అదే. ఒక్క నిమిషం కూడా కదలలేదు.

"ఏం మారలేదు" అన్నాను.

"ఒక్కరు కలిస్తే మారదమ్మా. అంతమందిల ఒక్కరే గదా."

"నేనేడ?"

వరస పైకి లాగి చూపించింది. చాలా కిందికి పోవాల్సి వచ్చింది. తొంభయ్యో మనిషి దాటాక నా అంకె ఉంది. దాని కింద ఇంకొన్ని ఉన్నాయి. నా వెనక మనుషులున్నారు. నేను ఆఖరుదాన్ని కాదు. ఇన్ని రోజులుగా నేను అడుగుతున్నది అదే కదా, ఊపిరి వదలాలి కదా. వదల్లేకపోయాను. వాళ్ళ ఇళ్ళలో కూడా ఎవరో మంచం అంచున చెప్పులు వేసుకుని కూర్చుని ఉంటారు. నాకన్నా ఎక్కువసేపు కూర్చుని ఉంటారు.

"నా ముంగటోళ్ళ ఇండ్లల్ల మనుషులు బతికిర్రా?" అని అడిగాను.

"ఆ ప్రశ్న ఉన్నదమ్మా ఫారంల. దానికి వేరే టేబులు వెయ్యాలె. వెయ్యనా?"

వద్దన్నాను. అది బలవంతపెట్టలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. మెస్సు నుంచి పిల్లలు వస్తున్న మాటలు వినపడి లేచాను.

సారు ఆ వాక్యం తీసేశాడు. ఆ పిల్లకు నాలుగు అక్షింతలు పడ్డాయి, చూసుకోవద్దా అని. నన్ను పిలిచి, "నువ్వు లేకపోతే పరువు పోయేదమ్మా" అన్నాడు. తర్వాత చాయ్ అడిగాడు. రిపోర్టులో ఆ టేబులు కింద ఒక వాక్యం పెట్టారు. చెప్పలేనివాళ్ళకు ఎక్కువసేపు పట్టి ఉండవచ్చు అని. అది ఆ రీసెర్చి పిల్లే నాకు చదివి వినిపించింది. రిపోర్టు ప్లాస్టిక్ స్పైరల్ వేసి వచ్చింది. మా ఆయన చూస్తే, దీన్ని పుస్తకమంటారా అనేవాడు.

ఫారంలో దిద్దుకున్నాను, ఇంట్లో ఇంకా మూడు తొమ్మిదుల మనిషినే. ఆ వారమే ఒక సాయంత్రం డబ్బాలోంచి ఫోన్ తీసి మా అమ్మాయి చేతిలో పెట్టాను. అది తార్నాకలో ఒక ల్యాబ్‌లో టోకెన్లు రాసే పని చేస్తుంది, అప్పుడే వచ్చి కూర్చుంది. "నాన్న ఆఖరుగ నాకు చేసిన ఫోన్ చూడు" అన్నాను. చూసింది. "నేను ఇల్లు చేరింది ఒంటిగంటన్నర" అన్నాను. చొక్కా సంగతి చెప్పాను. డాక్టరుతో అన్న మాట చెప్పాను.

అది నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. తన కంచం తనే పెట్టుకుంది, తనే కడుక్కుంది. ఆదివారం చర్చిలో నా పక్కన కాక రెండు వరసల వెనక కూర్చుంది. పన్నెండో రోజు నేను బియ్యం ఏరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఫోన్ పెట్టేసేటప్పుడు నాన్న ఏమన్నడు?"

"తొందరేం లేదు, నీ పని చూసుకునే రా అన్నడు."

దాని మొహం చూడాలి. ఎన్నాళ్ళుగానో బిగపట్టినది వదిలినట్టయింది. "మరి ఆయనే అన్నడు గదమ్మా" అంది.

అక్కడ ఆపేస్తే సరిపోయేది. దానికీ చాలు, నాకూ చాలు, రేపు గోల్నాక పోయి మా అత్తకు చెప్పడానికీ చాలు. ఇద్దరం ఆ ఒక్క మాట పట్టుకుని బతికేయొచ్చు. కాని మధ్యలో ఒక పేజీ పోయిందని నాకు తెలుసు.

"నేను ముందు అడిగిన" అన్నాను. "చేతిల ప్లేట్లు, చెవికి భుజానికి నడుమ ఫోన్. అర్జెంటా? అని అడిగిన. గట్ల అడిగితే ఏ మనిషన్న తొందరేం లేదనే అంటడు."

మా అమ్మాయి చాటలో బియ్యం వంక చూస్తూ కూర్చుంది. ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"అర్జెంటా అనే నీ గొంతు నాకు తెలుసు" అంది.

తర్వాత లేచి, డబ్బాలోంచి ఫోన్ తీసి చార్జింగుకు పెట్టింది.